ఎవరూ జవాబు చెప్పని ఉదయం

మొన్న ఫిజీ రాజధాని సువాలో మా విశ్వవిద్యాలయం ఇంజనీరింగ్ విభాగానికి వార్షికోత్సవం చేశారు. నన్ను పిలిచారు. పిలిచి, స్తంభం వెనక కుర్చీ చూపించారు. వేదిక మీద ఎవరు మాట్లాడుతున్నారో కనబడలేదు కానీ వినబడింది. ఏ దేశం ఎంత సాయం చేసింది, ఏ భవనం ఎవరి విరాళం, ఏ కమిటీ ఎంత ముందుచూపుతో ఆలోచించింది, అన్నీ చెప్పారు. మనిషి అనే మాట ఒక్కసారి కూడా రాలేదు. భవనాలే పాఠాలు చెప్పాయని, కమిటీలే పరీక్షలు రాశాయని అక్కడ కూర్చున్న కుర్రకారు అనుకుని ఉంటారు.

నాకు టీ కూడా చల్లారాక వచ్చింది. ఆ సంగతి నిర్వాహకులకు అక్కడే చెప్పాను. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

నేను ఇక్కడే తవువాలో, చెరకు తోటల కూలికి వచ్చిన తెలుగువాళ్ల ఇంట పుట్టాను. నాన్న వటుకౌలా బంగారు గనిలో, వర్క్‌షాపులో పనిచేసేవాడు. భారత ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పు మీద ఆంధ్రదేశం వెళ్లి ఇంజనీరింగ్ చదివాను. నేను రాసే ఈ తెలుగు అక్కడ నేర్చుకున్నదే. నా ఇంటి తెలుగు విని హాస్టల్లో పొట్ట పట్టుకుని నవ్వినవాళ్లు ఎవరెవరో ఇప్పటికీ వరసగా చెప్పగలను. పట్టా పుచ్చుకుని స్వాతంత్ర్యం వచ్చిన ఫిజీకి తిరిగివచ్చాను. "ఈ పట్టా మన లెక్కలో సరిపోదు" అని సువాలో ఒక తెల్ల దొర, ఒక నల్ల దొర కలిసి తేల్చారు. లెక్చరర్ ఉద్యోగం అడిగితే లాబ్ ఇన్‌స్ట్రక్టర్ ఉద్యోగం ఇచ్చారు. అంటే యంత్రాలు శుభ్రం చేయడం, ప్రయోగాలు చేయించడం, స్టాఫ్ మీటింగులో గోడ పక్కన కూర్చోవడం.

ఆ గోడ పక్క నుంచి చూసినవాళ్ల గురించే ఇప్పుడు చెప్పబోతున్నాను. నేను ఎవరినీ అంత తేలిగ్గా మెచ్చుకోను. మా ఇంట్లో అందరికీ తెలుసు.

మొదట మా ప్రొఫెసర్. న్యూజిలాండ్ మనిషి. మోకాళ్ల దాకా తెల్ల మేజోళ్లు, వాటి పైన పొట్టి లాగు. సొంత దేశంలో పెద్ద శాఖ వదులుకుని వచ్చాడు. ఇక్కడ ఆయనకిచ్చిన శాఖ ఏమిటంటే, సముద్రపు ఒడ్డున యుద్ధకాలం నాటి రేకుల షెడ్డు ఒకటి. వాన పడితే పాఠం వినబడదు. సువాలో వాన పడని రోజు ఎక్కడిది? వాన మొదలైతే ఆయన మాట ఆపి, నల్లబల్ల మీద రాస్తూ పోయేవాడు. వాన ఆగేసరికి బల్ల నిండిపోయేది.

ఇనుమును లాగి తెంపే యంత్రం ఒకటి ఎక్కడి నుంచో తెప్పించాడు. తెంపడానికి ఇనుము లేదు. మా నాన్న గని సంగతి నేను చెబితే, "పద" అన్నాడు. ఇద్దరం బస్సులో వెళ్లాం. గని వాళ్లు పారేసిన కడ్డీలు ఏరుకుని, గోనెలో చుట్టి, తవువాలో బస్సెక్కాం. పైన కట్టడానికి చోటు లేదన్నాడు డ్రైవరు. ప్రొఫెసర్ ఆ మూటను ఒళ్లో అడ్డంగా పెట్టుకుని కూర్చున్నాడు. కిటికీకి అద్దాల్లేవు, మడిచి కట్టిన టార్పాలిన్ మాత్రం ఉంది. చెరకు లారీల దుమ్మంతా ఆయన తెల్ల మేజోళ్ల మీదే.

పక్కన దాలో దుంపల బుట్టతో ఒక ముసలామె. "ఏ సాహెబ్, నీ లోహా నా దాలో మీద పడితే నువ్వే తినాలి," అంది హిందీలో.

ఆయనకు అర్థం కాలేదు. నేను చెప్పాను.

"వండి పెడితే తింటానని చెప్పు," అన్నాడు.

నేను అదీ చెప్పాను. ఆమె ఆయన్ని కింది నుంచి పై దాకా చూసి, "ముందు ఆ కాళ్లకు పాంట్ తొడుక్కోమను," అంది. బస్సంతా నవ్వింది. నేను తర్జుమా చేయకపోయినా ఆయనకు తెలిసిపోయింది. అందరికన్నా గట్టిగా ఆయనే నవ్వాడు. సువా చేరేదాకా ఆ మూట ఇంకొకరి ఒళ్లోకి మారలేదు. నేను అడిగాను, ఇవ్వలేదు. నా పట్టాను కాదన్నవాళ్ల జాతి మనిషి ఇలా కూడా ఉంటాడా అని ఆ దారంతా ఆయన్నే చూశాను.

రెండో మనిషి టోంగా టీచరమ్మ. గణితం చెప్పేది. భారీ మనిషి. నడుముకు చాప లాంటి నేత పట్టీ చుట్టుకుని, చేతిలో కాగితం ముక్క లేకుండా క్లాసుకు వచ్చేది. మా విశ్వవిద్యాలయం ఒక్క ఫిజీది కాదు. చుట్టూ ఉన్న దీవి దేశాలన్నిటిదీ. టోంగా, సమోవా, కిరిబాటి, సోలమన్ దీవులు, అన్నీ వేల మైళ్ల సముద్రంలో చల్లినట్టు ఉంటాయి. అక్కడి పిల్లలు ఇంజనీరింగ్‌లో చేరేముందు వాళ్లకు గణితం చెప్పడానికి ఉపగ్రహం మీదుగా పనిచేసే రేడియో ఉండేది. సువాలో ఆవిడ మైకు ముందు కూర్చుంటే, కిరిబాటిలో పిల్లలు ఒక గదిలో చేరి వినేవాళ్లు. మీట నొక్కి జవాబు చెప్పేవాళ్లు. ఆ సెట్టు చూసుకునే పని నాది. అందులోంచి మొదటిసారి ఒక పిల్లవాడి గొంతు "గుడ్ మార్నింగ్, మేడమ్" అని వచ్చినప్పుడు నేను బయటికి వెళ్లి ఆకాశం కేసి చూశాను. అక్కడ ఏమీ లేదు. ఒక నీలపు మూకుడు బోర్లించినట్టు ఖాళీగా ఉంది. ఆ ఖాళీలోంచే ఆ మాట వచ్చింది.

కొద్ది రోజులకు ఒక చిక్కు వచ్చిపడింది. ఆవిడ లెక్క చెప్పి "అర్థమైందా?" అనేది. అటు నుంచి చప్పుడు లేదు. మళ్లీ అడిగేది. మళ్లీ లేదు. సెట్టు పాడైందని నా మీదికి వచ్చారు పై వాళ్లు. నేను దాన్ని విప్పి బిగించాను, విప్పి బిగించాను. టీచరమ్మ ఒకటే నవ్వు.

"నీ సెట్టుకేం జబ్బు లేదు, ఫిర్యాదుల మాస్టరూ! మా వాళ్లు అవునని నోటితో చెబుతారా? కనుబొమలు ఎగరేస్తారు. అక్కడ గదినిండా కనుబొమలు ఎగురుతున్నాయి. నీ ఉపగ్రహం కనుబొమలు మోసుకురాదు మరి!"

అప్పటి నుంచి అర్థమైతే బల్ల మీద కొట్టమంది. అటు నుంచి దడదడమని చప్పుడు వచ్చేది. నా మీద పడిన నింద మాత్రం వెనక్కి తీసుకున్నవాడు లేడు.

ఇంతకీ ఈ ప్రయాస అంతా ఎందుకంటే, ఇంజనీరింగ్ పూర్తిగా చెప్పేంత స్తోమతు అప్పట్లో మాకు లేదు. ప్రొఫెసర్ పథకం ఏమిటంటే, మొదటి రెండేళ్లు పిల్లలు సువాలో చదవాలి. తర్వాత ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ విశ్వవిద్యాలయాలు వాళ్లను నేరుగా మూడో ఏట్లో చేర్చుకోవాలి. అక్కడి వాళ్లు మన చదువు చదువేనని ఒప్పుకుంటే మా విభాగం నిలుస్తుంది. ఒప్పుకోకపోతే పిల్లలు మళ్లీ మొదటి ఏట్లో కూర్చోవాలి. అంత కాలం స్కాలర్‌షిప్పు ఇవ్వడం ఈ చిన్న దేశాల వల్ల కాదు. షెడ్డుకు తాళం వేసుకోవడమే. "ఈ పట్టా సరిపోదు" అనే మాట ఈ పిల్లలు కూడా వినాలా అన్నదే నా బాధ. ఆ మాట మీద పడినవాడికి గానీ దాని బరువు తెలియదు.

మొదటి జట్టు రెండో ఏడు ముగిసే సమయానికి, అటు నుంచి ముగ్గురు పెద్దలు పరిశీలనకు వస్తున్నారని కబురు వచ్చింది. స్టాఫ్ మీటింగు పెట్టారు. పిల్లలందరినీ ఒక గదిలో కూర్చోబెట్టి పెద్దలు నోటి ప్రశ్నలు వేస్తారని ఏర్పాటు. నేను గోడ పక్క నుంచి లేచి, "అట్లా వద్దు. ఒక్కొక్కరినీ పిలిచి అడగమనండి. మన క్లాసులో రాతు ఉన్నాడు," అన్నాను.

రాతు అంటే ఇక్కడి దొరల వంశంలో పుట్టిన మగవాడికి పేరుకు ముందు వచ్చే గౌరవం. మా క్లాసులో వనువాలేవు దీవి నుంచి వచ్చిన అలాంటి యువకుడు ఉన్నాడు. అతని పెదనాన్న ఆ ప్రాంతపు పెద్ద. అతను మంచివాడు, నెమ్మది. చదువులో మధ్యరకం. క్లాసులో ముందు బెంచీ అతనిదే. ఎవరూ ఇవ్వలేదు, ఎవరూ అక్కడ కూర్చోలేదు, అంతే.

నా మాట పూర్తి కాకుండానే ఒక లెక్చరర్ నా వైపు తిరిగి, "ఇది చదువుకు సంబంధించిన చర్చ. మీరు కాస్త ప్రొజెక్టర్ సంగతి చూస్తారా?" అన్నాడు. ప్రొఫెసర్ ఆ రోజు ఊళ్లో లేడు, పెద్దలను వెంటబెట్టుకు రావడానికి వెళ్లాడు. నేను కూర్చున్నాను. ప్రొజెక్టర్ చూడలేదు.

ఇంటికి వెళితే మా ఆవిడ గుమ్మంలోనే పట్టేసింది. ఆమెదీ వనువాలేవు దీవే, లబాసా దగ్గర టాబియా. చెరకు పొలాల మధ్య పెరిగిన మనిషి. ఆమె తెలుగులో సగం హిందీయే.

"మళ్లా గుస్సానా? ఈ రోజు ఎవరి బారీ, ఎవరి వంతు?"

చెప్పాను.

"కాహే అంత మొహం పెట్టినావు? చెప్పినావు గదా. విననోడిదే తప్పు. రోటీ తిను."

"రేపు పిల్లలు నోరు విప్పకపోతే?"

"నువ్వు విప్పుతావు గదా, నీ నోరు ఎప్పుడు మూసినావు?" అని కూర గిన్నె నా ముందుకు తోసింది.

పెద్దలు ముగ్గురూ వచ్చారు. మొదటి రోజు షెడ్డు చూశారు, యంత్రాలు చూశారు, పరీక్ష పేపర్లు చూశారు. వాళ్ల అధ్యక్షుడు పొడుగాటి మనిషి, తక్కువ మాటలవాడు. కడ్డీ తెగినప్పుడు వచ్చే చప్పుడుకు మాత్రం కళ్లు మెరిశాయి. ప్రొఫెసర్ భుజాలు కాస్త దిగాయి.

రెండో రోజు పొద్దున్న నోటి ప్రశ్నలు. అందరూ ఉతికిన చొక్కాలు, సులు లుంగీలు, చెప్పులు. నేను వెనక యంత్రం దగ్గర నిలబడ్డాను.

అధ్యక్షుడు మామూలు ప్రశ్నతో మొదలుపెట్టాడు. రెండు గోడల మీద ఆనిన కాంక్రీటు దూలంలో ఇనుప కడ్డీలు పైన పెట్టాలా, కింద పెట్టాలా? ఎవరినీ చూపించలేదు, గదిని అడిగాడు. గది ముందు బెంచీ వైపు చూసింది. రాతు కాసేపు ఆలోచించి, "కింద, సర్," అన్నాడు. ఎందుకో కూడా చెప్పాడు. సరైన జవాబే.

"మంచిది. ఇప్పుడు గోడలోంచి బయటికి పొడుచుకొచ్చిన వరండా శ్లాబు. అవతల అంచుకు స్తంభం లేదు. దానిలో కడ్డీలు ఎక్కడ?"

రాతు తల వంచుకున్నాడు. అతనికి తెలియదని అతని మెడ చూస్తేనే తెలుస్తోంది. గదిలో మిగతా అందరికీ తెలుసు. కిందటి నెల రాతు ఊరికి వెళ్లిన రోజుల్లోనే అలాంటి శ్లాబు పోసి, విరగ్గొట్టి చూపించాను. వాళ్లే చీపుళ్లతో ముక్కలు ఊడ్చారు. అయినా ఒక్క చేయి లేవలేదు. దొర బిడ్డ ఆలోచిస్తుంటే ముందుగా మాట్లాడటం వాళ్ల పెంపకంలో లేదు. దొర బిడ్డకు తెలియనిది తమకు తెలుసని నలుగురిలో చూపించడం అసలే లేదు. టోంగా పిల్లలకూ సమోవా పిల్లలకూ ఇదే పద్ధతి. మన భారత సంతతి పిల్లలు కొందరు ఉన్నారు కదా, వాళ్లయినా అంటారని చూశాను. హాస్టల్లో అతనితో ఒకే గిన్నెలో యంగోనా వేరు కషాయం తాగినవాళ్లు వాళ్లు. బా ఊరి నుంచి వచ్చిన వాగుడుకాయ ఒకడు చేయి సగం ఎత్తాడు. పక్కవాడు తొడ మీద గట్టిగా నొక్కాడు. చేయి దిగిపోయింది.

అధ్యక్షుడు మూడో ప్రశ్న వేశాడు, నాలుగోది వేశాడు. రేకుల మీద వాన కూడా లేదు ఆ రోజు. అంత నిశ్శబ్దం ఆ షెడ్డులో నేనెన్నడూ వినలేదు. ఆయన పెన్నుకు మూత పెట్టి, "థాంక్యూ" అన్నాడు.

టీ దగ్గర ఆయన ప్రొఫెసర్‌తో అన్నది నా చెవిన పడింది. "మీ పేపర్లు బాగున్నాయి. కానీ ఆ గదిలో నాకు ఒక్క విద్యార్థే కనిపించాడు. వాడు కూడా సగమే. మిగతావాళ్లు ఆ పేపర్లు ఎలా రాశారో నాకు తెలియడం లేదు."

నేను వెళ్లి ప్రొఫెసర్‌కు చెప్పాను. మీటింగులో నేనేమన్నానో, నన్నేమన్నారో, అదీ ఇదీ కలిపి చెప్పాను. ఆయన మధ్యలో అడ్డుపడలేదు. వెళ్లి అధ్యక్షుడిని ఒక్కొక్కరినీ మళ్లీ అడగమన్నాడు. అధ్యక్షుడు ఒప్పుకోలేదు. బాగా రాలేదని పరీక్ష రెండోసారి పెడితే అది పరీక్ష కాదన్నాడు. నాకు ఒళ్లు మండింది కానీ, ఆ మాటలో తప్పు పట్టడానికి ఏమీ దొరకలేదు. మధ్యాహ్నం పిల్లలు ప్రయోగం చేసి చూపించే గంట ఒకటి మిగిలి ఉంది. అంతే.

టీచరమ్మ ఈ గొడవంతా విని, ఎవరితోనూ ఏమీ అనకుండా షెడ్డు వెనక్కి నడిచింది. నేనూ వెంట వెళ్లాను. అక్కడ రొట్టెపండు చెట్టు కింద రాయి మీద రాతు ఒక్కడే కూర్చుని ఉన్నాడు. ఆవిడ అతని గురువు, వయసులో తల్లిలాంటిది. అయినా అంత భారీ శరీరాన్ని దింపుకుని అతనికి ఎదురుగా గడ్డిలో, అతని కన్నా కింద కూర్చుంది. అతను కంగారుపడి రాయి దిగబోయాడు.

"ఉండు. నీకు చెప్పాల్సినది కింద కూర్చునే చెప్పాలి," అంది. "ఆ ప్రశ్నలకు జవాబులు నీ క్లాసులో అందరికీ తెలుసు. నీ వల్ల చెప్పలేదు."

అతను ఆవిడ వైపు చూశాడు, నా వైపు చూశాడు. లబాసా వైపు మనవాళ్ల మధ్య పెరిగినవాడు కాబట్టి నాతో ఎప్పుడూ హిందీలోనే మాట్లాడేవాడు.

"మాస్టర్, హమ్ సోచా ఊ లోగ్ నై జానే," అన్నాడు.

వాళ్లకు తెలియదనుకున్నాడట! ఎవరూ నోరు మెదపకపోతే, పాపం ఎవరికీ రావడం లేదు, పరువు పోకుండా తనైనా ఏదో ఒకటి చెప్పాలని ముందు బెంచీలో చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. అతన్ని కాపాడాలని వాళ్లు, వాళ్లను కాపాడాలని అతను. ఇటువైపు మర్యాద, అటువైపు మర్యాద, మధ్యలో మా విభాగం మునిగిపోతోంది. ఇలాంటి పొరపాటు లోకంలో ఇంకెక్కడైనా జరుగుతుందా?

"నేను లోపలికి రాను అయితే," అన్నాడు.

"నువ్వు బయట కూర్చుంటే వాళ్లంతా నీకేమైందోనని కిటికీలోంచి చూస్తుంటారు," అంది టీచరమ్మ.

గంట కొట్టారు.

మధ్యాహ్నం అందరూ షెడ్డులో చేరారు. రాతు ముందు బెంచీ వదిలి వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. అంతే, క్లాసు మొత్తం లేచి నిలబడింది. అతనికి వీపు చూపించి కూర్చోవడం వాళ్లకు చేతకాదు. అతను చూసి, గబుక్కున నేల మీద కూర్చున్నాడు. అతను నేల మీద ఉంటే వీళ్లు బెంచీల మీద ఎలా ఉంటారు? ఒకరి తర్వాత ఒకరు బెంచీలు దిగి సిమెంటు నేల మీద చతికిలబడ్డారు. పెద్దలు ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. "ఇది కూడా ప్రయోగమేనా?" అని వాళ్లలో ఒకాయన అడిగాడు. మా ప్రొఫెసర్ నోటికి చేతిరుమాలు అడ్డం పెట్టుకున్నాడు.

అప్పుడు రాతు లేచాడు. పిల్లల మధ్య నుంచి వంగి నడుస్తూ ముందుకు వెళ్లి, అధ్యక్షుడి ముందు ఆగాడు.

"సర్, పొద్దున్న మీరు అడిగిన ప్రశ్నలు నేను అడగవచ్చా?"

"ఎవరిని?"

"వీళ్లని. మీరు అడిగితే వీళ్లు నా కోసం ఆగుతారు. నేను అడిగితే వీళ్లు చెప్పి తీరాలి. మా పద్ధతి అది."

అధ్యక్షుడు తోటి పెద్దల వైపు చూశాడు. ఇది పరీక్ష మళ్లీ పెట్టడం అవుతుందో కాదో ఆలోచిస్తున్నాడని నాకు అర్థమైంది. చివరికి ఆయన కుర్చీ వెనక్కి జరుపుకుని, "ప్రయోగమే కదా, కానివ్వు," అన్నాడు.

రాతు క్లాసు వైపు తిరిగాడు. కిరిబాటి నుంచి వచ్చిన బక్కపలచని కుర్రవాడిని చూపించాడు. క్లాసంతటిలోకి నోరు లేనివాడు వాడు.

"వరండా శ్లాబు. కడ్డీలు ఎక్కడ పెట్టాలి? నాకు తెలియదు. నువ్వు చెప్పు."

నాకు తెలియదు. ఆ మాట అతను ఇంగ్లీషులో, గదికంతా వినబడేలా, తలెత్తి అన్నాడు. నేల మీద కూర్చున్నవాళ్లలో ఎవరో ఊపిరి పీల్చిన చప్పుడు వినిపించింది. అతని పెదనాన్న ముందు ఊరి పెద్దలు మోకాళ్ల మీద నడుస్తారు. అలాంటి ఇంటి బిడ్డ, పరాయి దేశపు పెద్దల ముందు, తన కన్నా ఎంతో కిందివాడిని చూపించి తనకు రాదన్నాడు. నేను నా జీవితంలో చాలామంది గొప్పవాళ్లను చూశాను. నాకు రాదు అన్నవాడిని ఒక్కణ్ణీ చూడలేదు.

కిరిబాటి కుర్రవాడు లేచాడు. "పైన, సర్. పైన పెట్టాలి." కాలి రబ్బరు చెప్పు తీసి బల్ల అంచున సగం బయటికి పెట్టి, ఒక చేత్తో అదిమి, రెండో చేత్తో చివర కిందికి వంచాడు. "ఇదిగో, వంగినప్పుడు పైభాగం సాగుతుంది. కాంక్రీటు సాగలేదు, చీలుతుంది. అందుకని ఇనుము పైన ఉండాలి."

అధ్యక్షుడు ఆ చెప్పును చేతిలోకి తీసుకుని తానూ వంచి చూశాడు.

ఆ తర్వాత ఆగలేదు. రాతు ఒక్కొక్కరినీ చూపించి అడుగుతున్నాడు, వాళ్లు లేచి చెబుతున్నారు. అధ్యక్షుడు అతని చెవిలో కొత్త ప్రశ్నలు వేయడం మొదలుపెట్టాడు. రాతు వాటిని పైకి చెప్పి, తనకు వచ్చినవాటికి "ఇది నాకు తెలుసు, నువ్వు చెప్పు" అని, రానివాటికి "ఇది నాకు తెలియదు, నువ్వు చెప్పు" అని అడిగాడు. ఒక్కదానికి కూడా దాచలేదు. బా కుర్రవాడి వంతు వచ్చేసరికి వాడు చెప్పింది చాలని ముగ్గురు పెద్దలూ చేతులెత్తాల్సి వచ్చింది. టీచరమ్మ తలుపు దగ్గర నిలబడి కళ్లు తుడుచుకుంటోంది. నేను యంత్రం పక్కన నిలబడి, తుడిచిందే తుడుస్తున్నాను.

చివర్లో అధ్యక్షుడు అడిగాడు. "అందరినీ నువ్వు అడిగావు. నిన్నెవరు అడగాలి?"

"ఎవరైనా అడగవచ్చు, సర్. నాకు రానివేవో మీరు విన్నారు."

సాయంత్రం ప్రొఫెసర్ గదిలో మాటలు జరిగాయి. ప్రొజెక్టర్ సర్దే నెపంతో నేను పక్క గదిలోనే ఉన్నాను. మా చదువును ఒప్పుకుంటున్నామని, పిల్లలను నేరుగా మూడో ఏట్లో చేర్చుకుంటామని అధ్యక్షుడు చెప్పాడు. ఒక్క రాతును మాత్రం ఇంకో ఏడాది ఇక్కడే చదివించమన్నాడు.

ప్రొఫెసర్ గొంతు పెంచడం అదే మొదటిసారి విన్నాను. "ఈ విభాగాన్ని ఇవాళ నిలబెట్టింది ఆ కుర్రవాడు!"

"నాకు తెలుసు," అన్నాడు అధ్యక్షుడు. "అతన్ని నా శాఖకు అధిపతిగా పెట్టుకోమంటే ఈ క్షణమే పెట్టుకుంటాను. వంతెన గీయమంటే మాత్రం ఇంకో ఏడాది ఆగాలి. అతనైనా అదే అంటాడు, పిలిచి అడగండి."

పిలిచి అడిగారు. అతనూ అదే అన్నాడు.

నాకు అది అప్పుడూ అన్యాయమే, ఇప్పుడూ అన్యాయమే. ప్రొఫెసర్‌కు చెప్పాను, టీచరమ్మకు చెప్పాను, వెళ్లిపోతున్న అధ్యక్షుడికి కారు కిటికీలోంచి చెప్పాను. ఆయన "మీరెవరు?" అన్నాడు.

పిల్లలు ప్రయాణమయ్యే రోజు వచ్చింది. సువా నుంచి బస్సులో నాందీ వెళ్లి, అక్కడ విమానం ఎక్కాలి. రాతు కూడా వెళుతున్నాడనే అనుకుని వనువాలేవు నుంచి అతని వాళ్లు అప్పటికే పడవ దిగారు. చాపలు, యంగోనా కట్టలు, వండిన పంది మాంసం, పెద్ద గుంపు. వాళ్లకు అతను ఏమని చెప్పాడో నాకు తెలియదు. ఫిజియన్‌లో, తక్కువ గొంతుతో చెప్పాడు. అతని పెదనాన్న కళ్లు మూసుకుని విని, తల ఊపాడు. తెచ్చిన చాపలన్నీ షెడ్డు ముందు గడ్డి మీద పరిచారు. అతని కోసం తెచ్చిన వీడ్కోలును అతను తన తోటివాళ్లకు ఇప్పించాడు.

యంగోనా కలిపాక మొదటి కొబ్బరి చిప్ప పెద్దదొరకు, అంటే ఆ పెదనాన్నకు పోవాలి, తర్వాతది రాతుకు. పెద్దదొర చేత్తో సైగ చేసి మొదటి చిప్ప ప్రయాణమయ్యేవాళ్ల వైపు పంపించాడు. అది కిరిబాటి కుర్రవాడి ముందు ఆగింది. వాడు దాన్ని రెండు చేతులా పట్టుకున్నాడు. తాగేయగానే ఆ గుంపంతా దొప్పచేతులతో ఒక్కసారిగా చప్పట్లు కొట్టింది. మా ఆవిడ నా పక్కనే కూర్చుని, "ఎంత బడా దిల్, ఎంత బడా దిల్," అని గొణుగుతూనే ఉంది. అనడానికి నా దగ్గర ఏ ఫిర్యాదూ లేని గంట అది.

బస్సు ఆలస్యంగా వచ్చింది. వెళ్లేవాళ్లంతా ఎక్కి, కిటికీల్లోంచి చేతులూపి, మలుపు తిరిగారు. రాతు రోడ్డు మీద నిలబడి ఉన్నాడు. తర్వాత వెనక్కి వచ్చి, చాపలు చుట్టడంలో ఆడవాళ్లకు సాయం చేయబోతే వాళ్లు కేకలేసి తోలేశారు. అప్పుడు నా దగ్గరికి వచ్చాడు.

"మాస్టర్, రేపు లాబ్ ఎన్ని గంటలకు?"

ఎనిమిదికి అన్నాను. మర్నాడు నేను తాళాలు తీసుకుని వెళ్లేసరికి, అతను మెట్టు మీద కూర్చుని ఉన్నాడు. కొత్త జట్టు పిల్లలు అతనికి దూరంగా గడ్డిలో గుంపుగా నిలబడ్డారు. అతను వాళ్లలో ఒకణ్ణి పిలిచి, తన పక్కన కూర్చోమని మెట్టు మీద చేత్తో తట్టి చూపించాడు. వాడు కూర్చోలేదు. అతను మళ్లీ తట్టాడు.